అద్దం లేని కెమేరా – వీధి మర్యాద

ప్రవాసాంధ్రుల ఇళ్లలో ఛాయాచిత్రాలకు కొదవ లేదు. పుట్టినరోజులు, గృహప్రవేశాలు, పిల్లల నాట్య ప్రదర్శనలు, నయాగరా జలపాతం ముందు వరుసగా నిలబడిన బంధువులు – ఇవన్నీ వేల సంఖ్యలో పోగుపడి ఉన్నాయి. కాని ఆ కుటుంబాలు వారం వారం నడిచే వీధి మాత్రం ఆ బొమ్మలలో అరుదుగా కనిపిస్తుంది. న్యూజెర్సీలోని ఓక్ ట్రీ రోడ్డు మీద శనివారపు సందడి, షికాగోలోని డెవాన్ ఎవెన్యూలో కూరగాయల దుకాణం ముందు లేత బెండకాయలు ఏరుకొనే అమ్మమ్మలు, చలిలో బస్సు కోసం నిలబడిన విద్యార్థులు – వీటిని చిత్రించి దాచేవారు కొద్దిమందే. పండుగ ఎలా జరిగిందో రేపటి తరానికి తెలుస్తుంది. మామూలు రోజు ఎలా గడిచిందో తెలియదు.

ఈ లోటు తీర్చడానికి చేతిలో ఇమిడే అద్దం లేని కెమేరా, అనగా మిర్రర్‌లెస్ కెమేరా, తగిన సాధనం. అయితే దాని విషయంలో రెండు అపోహలు బలంగా నాటుకొని ఉన్నాయి. ఖరీదు పెరిగినకొద్దీ బొమ్మ మెరుగవుతుందన్నది మొదటిది. ఎదుటివారికి తెలియకుండా తీయగలగడమే చిన్న కెమేరా గొప్పదనమన్నది రెండవది. మొదటిది జేబుకు చేటు. రెండవది మనిషితనానికి చేటు.

అద్దం వచ్చి పోయిన కథ

హైదరాబాదులో ఆరవ నిజాము ఆస్థాన ఛాయాచిత్రకారుడైన లాలా దీన్ దయాళ్ (1844–1905) కాలంలో కెమేరా అంటే ఒక పెట్టె, దానికొక మూడు కాళ్ల స్టాండు, మోయలేనన్ని గాజు పలకలు. వాటితో వీధిలో నడుస్తూ చిత్రం తీయడమన్నది ఊహకు అందని మాట. జర్మనీలో ఆస్కార్ బార్నాక్ రూపకల్పన చేసిన లైకా 1925లో లైప్‌జిగ్ వాణిజ్య ప్రదర్శనలో జనం ముందుకు రావడంతో పరిస్థితి మారింది. సినిమా ఫిల్ము మీద 24×36 మిల్లీమీటర్ల చిత్రాన్ని తీసే ఆ యంత్రం కోటు జేబులో పట్టేది. ఫ్రాన్సుకు చెందిన ఆన్రీ కార్తియే-బ్రెసన్ 1932లో లైకాను చేతపట్టి, వీధి ఛాయాచిత్రణను ఒక కళగా నిలబెట్టాడు.

గమనించవలసిన విషయమేమంటే, ఆ లైకాలోనూ అద్దం లేదు. 1959లో వచ్చిన నికాన్ ఎఫ్ వంటి ఎస్.ఎల్.ఆర్. కెమేరాలతో అద్దానికి ప్రాబల్యం ఏర్పడింది. లెన్సు వెనుక 45 డిగ్రీల వాలులో ఉండే అద్దం లోపలికి వచ్చిన కాంతిని పైకి మళ్లించి కంటికి చూపిస్తుంది. మీట నొక్కగానే అది చప్పుడుతో పైకి లేచి దారి ఇస్తుంది. లెన్సు ఏమి చూస్తున్నదో ఛాయాచిత్రకారుడూ అదే చూడగలగడం దీనివల్ల కలిగిన లాభం. నష్టం పరిమాణంలో కలిగింది. అద్దం కదలడానికి చోటు కావాలి గనుక, నికాన్ ఎఫ్ పద్ధతిలో లెన్సు బిగించే అంచుకూ ఫిల్ముకూ మధ్య 46.5 మిల్లీమీటర్ల ఎడం ఉంచవలసి వచ్చింది.

ఫిల్ము స్థానంలో సెన్సరు వచ్చిన తరువాత, అది గ్రహించిన దృశ్యాన్నే ఎప్పటికప్పుడు తెర మీద చూపవచ్చును గదా, ఇక అద్దమెందుకన్న ప్రశ్న సహజంగానే పుట్టింది. 2008లో పానసోనిక్ లూమిక్స్ జి1తో ఈ తరహా కెమేరాలు ఊపందుకున్నాయి. ఫ్యూజీ వారి ఎక్స్ పద్ధతిలో పైన చెప్పిన ఎడం 17.7 మిల్లీమీటర్లు మాత్రమే. కెమేరా పలుచనైంది, లెన్సులు చిన్నవైనాయి, అద్దం చప్పుడు అంతరించింది. వీధికి సంబంధించినంతవరకు ఇది బార్నాక్ ఆలోచనకు పునర్జన్మ వంటిది.

ఎంపికలో ఏది ముఖ్యం

ఫోను ఉండగా వేరే కెమేరా దేనికన్న సందేహం న్యాయమైనదే. ఎప్పుడూ వెంట ఉండడంలో ఫోనును మించినది లేదు. కాని పెద్ద ఫోనులలో సైతం ప్రధాన సెన్సరు సాధారణంగా 10×7.5 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. చిన్న మిర్రర్‌లెస్ కెమేరాలలో విరివిగా వాడే ఏ.పి.ఎస్.-సి. సెన్సరు సుమారు 23.5×15.6 మిల్లీమీటర్లు, అనగా వైశాల్యంలో దాదాపు అయిదు రెట్లు. సందె చీకటిలో ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది. ఫోను అనేక చిత్రాలను కలిపి, లెక్కలు కట్టి ఈ కొరతను చాలావరకు కప్పిపుచ్చగలదు. అయితే ఏది వెలుగులో ఉండాలో, ఏది నీడలో మిగలాలో ఎక్కువ పాలు అదే నిర్ణయించి పెడుతుంది. ఆ నిర్ణయం తన చేతిలో ఉండాలని కోరుకొనేవారికి కెమేరా అవసరం.

ఇక మెగాపిక్సెళ్ల వ్యామోహం. 8×12 అంగుళాల కాగితం మీద అంగుళానికి 300 చుక్కల చొప్పున ముద్రించడానికి కావలసినది 2400×3600, అనగా సుమారు 86 లక్షల పిక్సెళ్లు. పదేళ్లనాటి 16 మెగాపిక్సెళ్ల కెమేరాకు కూడా ఇది సునాయాసం. 2024లో ఫ్యూజీఫిల్మ్ ఎక్స్100 సిక్స్ 40 మెగాపిక్సెళ్లతో 1,599 డాలర్ల ధరకు విడుదలైనప్పుడు కొనదలచినవారు నెలల తరబడి వేచి ఉన్నారు. అది మంచి యంత్రమే. కాని వీధిని చూడడం నేర్చుకోవడానికి ఆ నిరీక్షణ అవసరం లేదు. ఒకరు వాడి అమ్మిన పాత మైక్రో ఫోర్ థర్డ్స్ లేదా ఏ.పి.ఎస్.-సి. కెమేరాతో, ఒక చిన్న లెన్సుతో హాయిగా మొదలుపెట్టవచ్చు.

పరీక్షించవలసినవి మూడు. మొదటిది బరువు. 2019లో వచ్చిన రికో జి.ఆర్. త్రీ బ్యాటరీతో కలిపి 257 గ్రాములు. పాల డబ్బాకో, ఉత్తరాలకో వెళ్లేటప్పుడు కూడా చొక్కా జేబులో వేసుకొని పోవచ్చు. ఇంట్లో బీరువాలో ఉండిపోయే గొప్ప కెమేరా కంటే వెంట వచ్చే సాదా కెమేరా మేలు. రెండవది, మీట నొక్కడానికీ చిత్రం పడడానికీ మధ్య జాప్యం లేకపోవడం. మూడవది, తెర చూడకుండానే వేళ్లకు అందే బటన్లు. వీటితోపాటు అదనంగా ఒక బ్యాటరీ కొనుక్కోవడం మంచిది. సెన్సరు, తెర నిరంతరం పని చేస్తూ ఉంటాయి గనుక చిన్న కెమేరాలు రెండు నుండి నాలుగు వందల చిత్రాలకే అలసిపోతాయి.

లెన్సు విషయంలో ఒకటి చాలు. 35 మిల్లీమీటర్లకు సమానమైన లెన్సుతో మూడు మీటర్ల దూరం నుండి చూస్తే సుమారు మూడు మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల ఎత్తు గల దృశ్యం చట్రంలో పడుతుంది. నిలబడిన మనిషి, ఆయన పక్కనున్న దుకాణం గుమ్మం, రెండూ ఇముడుతాయి. కొన్నాళ్లు ఒకే లెన్సుతో తిరిగితే, కెమేరా ఎత్తక ముందే చట్రం అంచులు కంటికి కనిపించడం మొదలవుతుంది. జూము లెన్సు ఈ అలవాటును ఆలస్యం చేస్తుంది.

వాడుకలోని లెక్కలు

వీధిలో దృశ్యం ఆగదు. ఏ.పి.ఎస్.-సి. కెమేరాలో 23 మిల్లీమీటర్ల లెన్సును ఎఫ్/8 వద్ద ఉంచి, దృష్టిని 3.3 మీటర్ల దూరానికి స్థిరపరిస్తే, సుమారు 1.7 మీటర్ల నుండి కనుచూపు మేర వరకు అంతా తగినంత స్పష్టంగా వస్తుంది. ఇక కెమేరా తడుముకోవలసిన పని లేదు. పగటిపూట వీధికి ఇంతకంటే నమ్మదగిన పద్ధతి లేదు.

మామూలుగా నడిచే మనిషి సెకనుకు సుమారు 1.4 మీటర్లు ముందుకు సాగుతాడు. షట్టరు సెకనులో 30వ వంతు కాలం తెరచి ఉంటే ఆ లోపల అతడు దాదాపు అయిదు సెంటీమీటర్లు జరుగుతాడు. 250వ వంతయితే ఆరు మిల్లీమీటర్లకు లోపే. చేతి వణుకును సవరించే ఏర్పాటు చాలా కెమేరాలలో ఉన్నది. అది ఎదుటివాడి నడకను ఆపలేదు. కనుక కనీసం 1/250 సెకను నిర్ణయించి, ఐ.ఎస్.ఓ.ను కెమేరాకే వదలివేయడం ఉత్తమం. బొమ్మలో కొంత ఇసుక రేణువుల వంటి గరుకుదనం ఉన్నా సహించవచ్చు. ముఖం అలుక్కుపోతే సహించలేము.

సెలవులకు స్వదేశం వెళ్లేవారు తెలుసుకోవలసిన చిక్కు ఒకటున్నది. భారతదేశంలోనూ బ్రిటన్‌లోనూ విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులు, అమెరికాలో 60. ఆ ప్రకారం అనేక ట్యూబు దీపాలు, కొన్ని ఎల్.ఇ.డి. దీపాలు సెకనుకు 100 లేక 120 సార్లు మిణుకుతాయి. శబ్దం లేని ఎలక్ట్రానిక్ షట్టరు సాధారణంగా చిత్రాన్ని వరుస వెంట వరుసగా చదువుతుంది గనుక ఆ మిణుకు చిత్రంపై అడ్డచారలుగా పడుతుంది. రాత్రివేళ విజయవాడ బజారులో మెకానికల్ షట్టరు వాడి 1/100 సెకను, ఎడిసన్ దుకాణంలో 1/120 సెకను లేదా దానికి దగ్గరి విలువ ఉంచుకొంటే చాలావరకు చారలు పోతాయి. కదలిక కొంత మసకబారినా ఇక్కడ రాజీ పడక తప్పదు.

మండుటెండలో మరొక జాగ్రత్త. తెల్లని పంచె, నీడలోని నల్లని ముఖం ఒకే చట్రంలో ఉన్నప్పుడు వెలుగును కొద్దిగా తగ్గించి తీయాలి. నీడలోని వివరాలను తరువాత కొంతవరకు వెలికి తీయవచ్చు. పూర్తిగా తెల్లబడిన పంచె మడతలను ఎవరూ తిరిగి తేలేరు.

చిన్నదనం దాగడానికి కాదు

ఇక రెండవ అపోహ. శబ్దం లేదు, అరచేతిలో ఇముడుతుంది, కనుక ఎవరినైనా తెలియకుండా తీయవచ్చునన్న ప్రలోభం ఈ కెమేరాతోపాటే వస్తుంది. న్యూయార్కులో ఫిలిప్-లోర్కా డికోర్సియా అనే ప్రసిద్ధ ఛాయాచిత్రకారుడు టైమ్స్ స్క్వేర్ వద్ద బాటసారులకు తెలియకుండా వారి ముఖాలు చిత్రించి 2001లో ప్రదర్శించాడు. తన చిత్రాన్ని అలా వాడడం తన మతవిశ్వాసానికి విరుద్ధమని యూదు మతస్థుడొకరు దావా వేశారు. 2006లో న్యాయస్థానం కళాస్వేచ్ఛ పక్షాన తీర్పు చెప్పింది. చట్టం మాట అక్కడితో తేలింది. ఆ మనిషి మనసు నొచ్చిన మాట మాత్రం తేలలేదు.

పైగా చట్టం అన్ని చోట్లా ఒకటి కాదు. జర్మనీలో 1907 నుండి అమలులో ఉన్న చట్టం ప్రకారం ఒకరి చిత్రాన్ని ప్రచురించడానికి సామాన్యంగా వారి అనుమతి కావాలి. 1898లో మరణశయ్య మీది బిస్మార్కును దొంగచాటుగా చిత్రించిన ఉదంతం ఆ చట్టానికి దారి తీసింది. ఐక్య అరబ్ ఎమిరేట్లలో 2021 నాటి 34వ నంబరు ఫెడరల్ డిక్రీ చట్టం క్రింద, అనుమతి లేకుండా ఇతరుల ఫోటో తీసి వారి ఏకాంతానికి భంగం కలిగిస్తే ఆరు నెలలకు తగ్గని ఖైదు, 1,50,000 నుండి 5,00,000 దిర్హాముల జరిమానా, లేదా రెంటిలో ఒకటి పడవచ్చు. దుబాయిలో, అబూధాబిలో ఉన్న తెలుగువారికి ఇది తేలికగా తీసుకోదగిన విషయం కాదు.

చట్టం కంటే పెద్దది మర్యాద. విదేశం నుండి వచ్చిన బంధువు మెడలో ఖరీదైన కెమేరాతో ఊరిలో దిగి, రిక్షా లాగే ముసలివాని చెమటను, గుడి మెట్ల మీది యాచకురాలి చేతిని, స్నానఘట్టంలోని స్త్రీలను తీసుకొని పోవడం కద్దు. అదే వ్యక్తి తాను కాపురముంటున్న అమెరికా పేటలో పొరుగువారి పిల్లవాని ఫోటో అడగకుండా తీయడు. ఆ రెండు వీధుల నడుమ తేడా బీదరికమే అయితే, అది కళ కాదు, పెత్తనం. ఆ స్థానంలో తన తల్లి కూర్చొని ఉంటే ఈ చిత్రం తీసేవాడినా, పదిమందికి చూపేవాడినా అని ప్రశ్నించుకోవడం కంటే మంచి కొలత లేదు.

చిన్నదనం వల్ల కలిగే అసలు మేలు వేరే ఉన్నది. పెద్ద కెమేరా ఎదుటివారిని బెదిరిస్తుంది. చిన్నది సంభాషణకు అడ్డు రాదు. దానిని దాచకుండా చేతిలో కనిపించేలా పట్టుకొని, కనులు కలిపి, చిరునవ్వు నవ్వి, తల అడ్డంగా ఊపినవారిని విడిచిపెట్టి సాగితే వీధి తానే తలుపు తీస్తుంది. అడిగితే సహజత్వం పోతుందన్న వాదంలో కొంత నిజం లేకపోలేదు. కాని అరగంట ఒకే మూల నిలబడినవాడిని వీధి మరచిపోతుంది. ఆ ఓపిక ముందు ఏ రహస్య యంత్రమూ నిలవదు.

తీసినదానిని దాచడం

షికాగోలో ఆయాగా జీవించిన వివియన్ మేయర్ (1926–2009) దశాబ్దాల పాటు వీధులను చిత్రించింది. అద్దె బకాయి వల్ల 2007లో ఆమె సామానును వేలం వేసినప్పుడు, లక్షకు పైబడిన ఆమె నెగటివులలో చాలా భాగం వెలుగు చూశాయి. ఒకనాటి షికాగో మామూలు రోజు ఆ పెట్టెలలో భద్రంగా ఉన్నది. అది దక్కడం కేవలం అదృష్టం. ఫోనులోనో, గడువు తీరిన ఖాతాలోనో ఉండిపోయిన చిత్రాలకు ఆ అదృష్టం ఉండకపోవచ్చు.

కనుక ప్రతి కుటుంబమూ ఏడాదికి ఇరవై నాలుగు వీధి చిత్రాలను ఏరి, కాగితం మీద ముద్రించి, వెనుక ఊరు, వీధి, తేదీ తెలుగులో రాసి ఉంచడం అవసరం. పిల్లల చేతికి పాత కెమేరా ఇచ్చి, ఒక శనివారం దుకాణాల వీధిలో వెంట నడిపించడం ఇంకా మంచిది. అడిగి తీయడం, వద్దన్నవారిని వదలడం వారికి అక్కడే అలవడుతుంది. ఆ దుకాణాలు కొన్నేళ్లకు చేతులు మారతాయి, పేర్ల పలకలు మారతాయి, బెండకాయలు ఏరిన అమ్మమ్మలు ఉండరు. అప్పటికి ఆ ఇరవై నాలుగు కాగితాలు తప్ప ఆ వీధికి వేరే సాక్ష్యం ఉంటుందన్న భరోసా లేదు.