జొన్నరొట్టెకు జేజేలు, జొన్నచేనుకు గోరీనా?

జహీరాబాద్ దిక్కు సంక్రాంతి వస్తే ఎడ్లబండ్లు ముస్తాబైతయి. బండ్ల మీద గంపలు, కుండలు. వాటిల జొన్న, సజ్జ, కొర్ర, సామ, కంది విత్తనాలు. డప్పుల మోత, ఆడోళ్ల పాట, ఆట. నెల రోజులు ఊరూరు తిరిగి ఫిబ్రవరి నడుమ మాచునూర్‌ల ముగిసేదే పాత పంటల జాతర. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు, అందుల ఎక్కువ మంది దళిత రైతులు, రెండు దశాబ్దాలకు పైగా ఈ జాతర చేస్తున్నరు. దీనికి టిక్కెట్టు లేదు, సినిమా తారలు లేరు. పొలమే వేదిక.

2019ల ఈ సొసైటీకి ఐక్యరాజ్య సమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. 2023ను ప్రపంచమంత చిరుధాన్యాల సంవత్సరమన్నది. నాయకులు మైకుల ముందు జొన్నరొట్టెను పొగిడిండ్రు. మరి జొన్న పండే నేలను ఏం చేస్తున్నరు?

నిమ్జ్ పేరు మీద ఝరాసంగం, న్యాల్‌కల్ మండలాల్ల 12 వేల ఎకరాలకు పైగా గీత గీసిండ్రు. జాతర ముగిసే మాచునూర్ ఉన్నది ఝరాసంగం మండలంలనే! 2024 ఆగస్టుల జహీరాబాద్‌ల 3,245 ఎకరాల పారిశ్రామిక నగరానికి కేంద్ర మంత్రివర్గం ఊ కొట్టింది. అదే ఏడాది న్యాల్‌కల్ మండలంల ఫార్మా పేరుతోని దాదాపు 2 వేల ఎకరాలు అడిగితే డప్పూర్, మల్గి, వడ్డి రైతులు ఎదురు తిరిగిండ్రు. రాష్ట్రం వచ్చింది, సర్కార్లు మారినయి. భూమి మీద పాలకుల కన్ను మాత్రం మారలే.

భూమి లేని కూలీల సంగతి ఇంకా అన్యాయం. 2015ల తెచ్చిన జీవో 123 పట్టాదారుకు పైసలిచ్చి భూమి కొనుక్కుంట పోయింది, ఆ చేన్ల బతికే కూలీని లెక్కల్నే పెట్టలే. నిమ్జ్ ఊర్ల కూలీలే హైకోర్టుకెక్కితే 2016 ఆగస్టుల సింగిల్ జడ్జి ఆ జీవోను కొట్టేసిండు. సర్కారు ఏం చేసింది? కూలీల మీద అప్పీలుకు పోయింది!

‘కొలువులొస్తయి’ అంటరు. పటాన్‌చెరును అడుగుదాం. ఫ్యాక్టరీల మురికి నక్కవాగును విషం చేస్తే ఊర్లోళ్ల గోస 1990లనే సుప్రీంకోర్టు దాకా పోయింది. 2025 జూన్ 30న పాశమైలారంల సిగాచి పేలుడు యాభై మందికి పైగా పానాలు తీసింది. భూములిచ్చినోళ్ల పిల్లల్ల ఎందరికి పర్మినెంటు కొలువు దొరికిందో ఏ సర్కారన్న ఊరు ముందట లెక్క పెట్టిందా?

మనం పరిశ్రమలకు పగోళ్లం కాదు. చదువుకున్న పిల్లలకు పని కావాలె. కానీ పండే నేల, అందుల దళితులకిచ్చిన లావణి పట్టాలు, ఎందుకు ముందుగాల గుంజుకోవాలె? గ్రామసభ కాదంటే ఆగాలె. కూలీకి సుత పునరావాసం రాసియ్యాలె. పటాన్‌చెరు లెక్క తేలినంకనే జహీరాబాద్‌ల కొత్త గీత గీయాలె.

2002ల కామారెడ్డిల మొదలైన ధూం ధాం ఊరూరిని లేపింది. ఆ పాటకు చిందేసిన విద్యార్థులారా, ఉద్యోగులారా! వచ్చే సంక్రాంతికి జహీరాబాద్ బండ్ల ఎంబడి నడవుండ్రి. పాట వినుండ్రి. ఆ పాట పాడే అక్కల భూమి పట్టా ఎవలి చేతుల ఉన్నదో సుత అడుగుండ్రి.