హక్కుకు కృతజ్ఞత ఎందుకు?

ఆగస్టు 15న, జనవరి 26న మా ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతపు సంఘాల్లో దేశం కోసం ప్రార్థన చేయడం పరిపాటి. స్వాతంత్ర్యాన్నీ, నమ్మిన విధంగా ఆరాధించుకునే వీలునూ ఇచ్చినందుకు దేవునికి స్తోత్రం చెల్లిస్తాం. దీని మీద రెండు ఆక్షేపణలు తరచు నా చెవిన పడుతుంటాయి. "మీ మతాన్ని తెచ్చింది తెల్లవాళ్ళు కదా, వాళ్ళు వెళ్ళిపోతే మీకు సంతోషమేమిటి?" అనేది బయటివారి ప్రశ్న. "మతస్వేచ్ఛ మన హక్కు. దానికి కృతజ్ఞత చెప్పడమంటే భిక్ష అని ఒప్పుకోవడం కాదా?" అనేది మా యువకుల ప్రశ్న. రెండూ ఆలోచించదగ్గవే.

మొదటిదానికి చరిత్రే సమాధానం. కుంపిణీ ప్రభుత్వం మిషనరీలనేమీ నెత్తిన పెట్టుకోలేదు. వారివల్ల తన వ్యాపారానికి ఎక్కడ చేటు వస్తుందోనని చాలాకాలం అనుమానంగానే చూసింది. 1813 నాటి ఛార్టరు చట్టం తరువాతే వారి రాకకు దారి సుగమమయింది. పైగా, పరాయి విశ్వాసాన్ని గౌరవించడం ఈ నేలకు ఇంగ్లీషువారు నేర్పిన పాఠం కాదు. 1671లో శ్రీ రాఘవేంద్రస్వామి బృందావన ప్రవేశం చేసిన మంత్రాలయాన్నే చూడండి. నాడు మంచాల అనబడిన ఆ ఊరిని స్వామివారికిచ్చినది, బిజాపూరు సుల్తానుల పక్షాన ఆదోనిని ఏలిన సిద్ది మసూద్ ఖాన్ అని సంప్రదాయం. 1800 నుండి 1807 వరకు దత్తమండలాల ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో మఠపు ఈనాము విచారణకు వచ్చి, స్వామివారితో సంభాషించి, ఈనామును కొనసాగించాడని మరొక ఐతిహ్యం. ఆ మహిమను నమ్మడం, నమ్మకపోవడం ఎవరి విశ్వాసాన్ని బట్టి వారిది. ఒక ముస్లిం ఇచ్చినదాన్ని ఒక క్రైస్తవుడు నిలబెట్టాడన్న కథను ఒక హిందూ క్షేత్రం ఆదరంగా చెప్పుకుంటున్నది. మావంటి అల్పసంఖ్యాకులు నిబ్బరంగా బ్రతికేది ఇటువంటి ఇరుగుపొరుగు మధ్యనే.

ఇక రెండవ ప్రశ్న. మతాన్ని అవలంబించి, ఆచరించే హక్కుతోపాటు "ప్రచారం చేసే" హక్కు కూడా ఉండాలా అన్నది 1948 డిసెంబరు 6న రాజ్యాంగసభలో చర్చకు వచ్చింది. తజముల్ హుసేన్, లోక్‌నాథ్ మిశ్రా వద్దన్నారు. లక్ష్మీకాంత మైత్రా, కె. సంతానం, టి.టి. కృష్ణమాచారి, కె.ఎం. మున్షీ ఉండాలన్నారు. వీరెవరూ క్రైస్తవులు కారు. తాను పద్నాలుగేళ్ళు క్రైస్తవ విద్యాసంస్థల్లో చదివినా తన మతం మార్చే ప్రయత్నం జరగలేదని కృష్ణమాచారి సభకు చెప్పారు. ఆ మాట నిలిచింది. నేటికీ 25వ అధికరణంలో ఉంది. సభలో క్రైస్తవులు కొద్దిమందే. మిగిలినవారు తలచుకుంటే దాన్ని తీసివేయగలిగేవారు. తీసివేయలేదు. కనుక అది హక్కే, సందేహం లేదు. కాని ఆ హక్కు వెనుక తోటివారి ఔదార్యం ఉన్నది. దానిని స్మరించుకోవడం చేయి చాచడం కాదు. 1949 మేలో, శాసనసభల్లో మతాన్ని బట్టి స్థానాల కేటాయింపు వద్దన్న తీర్మానాన్ని సలహాసంఘంలో ప్రతిపాదించినది స్వయంగా క్రైస్తవుడైన హరేంద్ర కుమార్ ముఖర్జీ. నమ్మకానికి నమ్మకంతోనే ఆయన బదులిచ్చారు.

అలాగని కృతజ్ఞత నోరు కట్టేయకూడదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు అది వర్తించింది. క్రైస్తవ దళితులకు మాత్రం నేటికీ లేదు. మన రాష్ట్రంలో వారు బి.సి. "సి" వర్గంలో ఉన్నారు. దళితవాడలో పుట్టి చర్చికి వెళ్ళేవాని కులాన్ని ఊరు మరచిపోదు, చట్టం మాత్రం మరచిపోతుంది. విశ్వాసానికి ఇంత మూల్యం చెల్లించవలసివస్తే ఆ స్వేచ్ఛ అసంపూర్ణమే. స్తోత్రం చెప్పిన నోటితోనే ఈ న్యాయాన్నీ అడగవచ్చు.

మావారికి చెప్పవలసిన మాట కూడా ఒకటున్నది. సువార్త చెప్పే స్వేచ్ఛను పొందినవాడు పొరుగువాని దేవుణ్ణి హేళన చేస్తే, ఆ స్వేచ్ఛను కాపాడినవారినే అవమానించినట్లు. మనకు దక్కిన స్వేచ్ఛ ఎదుటివానికి దక్కకపోయినప్పుడు మౌనంగా ఉంటే మన స్తోత్రానికి విలువ లేదు. వచ్చే ఆగస్టు 15న మా ప్రార్థనలో మసీదుకు, మఠానికి వెళ్ళే పొరుగువారి స్వేచ్ఛ కోసం కూడా ఒక వాక్యం చేర్చాలని మా సంఘపెద్దలను కోరదలచాను. కృతజ్ఞతకు అంతకంటే మంచి నిదర్శనం నాకు తోచడం లేదు.