ఆసామి, యజమాని ఒకే గాటనా?

వ్యాపారాలను పెట్టుబడి, టర్నోవరుతో కొలిచే పద్ధతి బ్యాంకు రుణానికి పనికొస్తుంది, సిరిసిల్ల మరమగ్గాల పరిశ్రమను అర్థం చేసుకోవడానికి చాలదు. గత సంచికలోని వ్యాసం ఆ కొలతనే నమ్ముకుంది. 2025 ఏప్రిల్ 1 నుంచి యంత్రాలపై 2.5 కోట్ల రూపాయల పెట్టుబడి, 10 కోట్ల టర్నోవరు దాటనిదంతా సూక్ష్మ పరిశ్రమే. నాలుగు సాంచాలు (మరమగ్గాలు) ఉన్న ఆసామీ, అతనికి నూలు చుట్టిన భీములిచ్చే యజమానీ చాలావరకు ఆ ఒక్క గాటనే పడతారు.

అసలు తేడా నష్టం ఎవరి నెత్తిన పడుతుందన్నది. నూలు కొనేది, బట్ట అమ్మేది యజమాని; ధర పడిపోతే మొదటి దెబ్బ ఆయనకే. ఆసామికి సాంచాలు, కరెంటు బిల్లు సొంతం, మార్కెట్ మాత్రం కాదు. మీటరు లెక్కన కూలి ముడుతుంది. ఆ సాంచాలు నడిపే కార్మికుడు మూడోవాడు. 2017లో మొదలైన బతుకమ్మ చీరల ఆర్డరు ముగ్గురికీ పనిచ్చింది. కొన్నది ప్రభుత్వం కాబట్టి దాన్ని మార్కెట్లో నెగ్గిన వ్యాపారంగా లెక్కించకూడదు.

కోరుట్ల, జగిత్యాల ఇళ్లలో బీడీలు చుట్టే మహిళలను స్వయం ఉపాధి కింద రాయడం మరీ అన్యాయం. తునికాకు, తంబాకు కంపెనీ ఇస్తుంది. కూలి వెయ్యి బీడీల లెక్కన. ఆకు చాలకపోతే కొనుక్కునే ఖర్చు తరచూ ఆమెదే. ఇంట్లో కూర్చుని చేసినంత మాత్రాన కూలి పని వ్యాపారమైపోదు.

సొంతంగా వ్యాపారం చేసేవారంతా కూడా ఒకటి కాదు. గల్ఫ్ నుంచి తిరిగొచ్చి, వేరే దారిలేక కిరాణా కొట్టు పెట్టుకున్నవారిది బతుకుతెరువు. జగిత్యాల పక్కన చల్‌గల్ మార్కెట్లో మామిడి కొని ఉత్తరాదికి లారీలెక్కించే వ్యాపారి మాత్రం లాభం చూసుకునే దిగుతాడు, నష్టానికీ సిద్ధపడతాడు.

– ఒక పాఠకుడు, కోరుట్ల