తిలంగా పటాలము

బొబ్బిలికథ వినని తెలుగువాడుండడు. అడవి యంచున నున్న మన కొత్తగూడెములోను ఆ కథ పాడిన రాత్రి జనము కదలక కూర్చుందురు. 1757 జనవరి 24వ తేదీన బుస్సీ ఫిరంగుల యెదుట బొబ్బిలివారు చూపిన తెగువ సామాన్యము కాదు. కాని కథ ముగిసిన పిదప పఠనమందిరములలో తరచుగా వినవచ్చు మాట యొకటి కలదు: "పరాయివాని ఫిరంగి ముందు మన కత్తి యేమి చేయగలదు?" ఈ మాట మనకు ఓదార్పు నిచ్చును, సాక్ష్యమును తూచినచో నిలువదు.

ఫిరంగి మనకు క్రొత్తది కాదు. 1687లో ఔరంగజేబు గోలకొండను ముట్టడించినపుడు ఎనిమిది మాసములు ఫిరంగికి ఫిరంగియే బదులు చెప్పెను. తుదకు దుర్గద్వారమును తెరచినది ద్రోహము.

ఐరోపావారు సాధించినది ఆయుధముకంటె దానిని వాడు క్రమము. 16వ శతాబ్ది తుదిని డచ్చి సేనాని మోరిస్ తుపాకి నింపుటను చిన్న చిన్న చేష్టలుగ విభజించి, సైనికులకు నిత్యము కవాతు నేర్పించెను. ముందువరుస కాల్చి వెనుకకు పోవును. అది మరల నింపుకొను లోపల తక్కిన వరుసలు కాల్చుచుండును. స్వీడను రాజు గుస్టావస్ అడాల్ఫస్ తేలికఫిరంగులను కాల్బలముతో కలిపి నడిపి, 1631లో బ్రైటెన్‌ఫెల్డు యుద్ధమున గెలిచెను. ఆ శతాబ్ది తుదికి చెకుముకి తుపాకియు, దాని మొనకు తగిలించు బాయొనెట్టును వచ్చి బల్లెగాండ్ర యవసరమును తీర్చివేసెను. వీని కన్నిటికిని మూలము కవాతు, జీతము, ఒకే యాజ్ఞ.

ఈ విద్య మన దేశమునకు వచ్చి యెంతకాలమో తెల్లవారి సొత్తుగ నుండలేదు. 1746లో అడయారు నది యొడ్డున ఆర్కాటు నవాబు కుమారుని మహాసేనను చెదరగొట్టిన చిన్న ఫ్రెంచి దండులో అధికసంఖ్యాకులు ఈ దేశపు సిపాయిలే.

మన భద్రాద్రి ముందుగా పారు గోదావరి సముద్రముచేరు సీమకు ఉత్తరపుటంచున, పిఠాపురము చెంత చందుర్తి గ్రామము కలదు. విజయనగర ప్రభువు ఆనందగజపతి పిలుపుపై క్లైవు పంపిన కర్నల్ ఫోర్డు, 1758 డిసెంబరులో అచ్చట ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్సు నెదుర్కొనెను. ఫోర్డు తెల్లదండు ఎత్తైన పైరు వెనుక మరుగుపడెను. వంగదేశమునుండి వచ్చిన సిపాయిలు ఎఱ్ఱకోటులు ధరించి యుండుటచే, ఫ్రెంచివారు వారినే తెల్లవారని భ్రమించి వారిపై బడిరి. సిపాయిల వరుస వెనుదీసెను. ఫ్రెంచివారు వరుసతప్పి తరుముచుండగా, పైరు మాటున నున్న దండు వెలికివచ్చి ప్రక్కనుండి కాల్చెను. జయము ఫోర్డుది. వేలకొలది రాజుగారి సేన యుద్ధమున కక్కఱకు రాలేదు.

క్రమము తెల్లవాని రక్తగుణమనుకొందుమా? 1759లో బందరు ముట్టడి నడుమ ధనము చాలకపోగా, ఫోర్డు తెల్లసైనికులే ఆయుధములు చేపట్టి తిరుగబడిరి. కొల్లసొత్తులో వాటా యిత్తుమను మాటపైననే వారు శాంతించిరి. ఏప్రిలులో, తమకంటె నధికులు కాచుచున్న ఆ కోటను రాత్రివేళ లగ్గపట్టి గెలిచినదియు ఆ దండే. 1766 నాటి ఒడంబడికతో, గుంటూరు తప్ప, ఉత్తర సర్కారులు కంపెనీ పరమయ్యెను.

ఇక మనవారు నేర్వలేదందుమా? 1756లో మద్రాసునుండి క్లైవుతో వంగదేశమునకు పోయిన సిపాయిలలో తెలుగువారుండిరి. ఆ పేరున ఉత్తరదేశమున కవాతు నేర్చిన ప్రతి సిపాయియు 'తిలంగా' యయ్యెను. 1857 నాటి ఢిల్లీలోను జనము సిపాయిల నట్లే పిలిచిరి. మన జాతినామము పరాయివాని పటాలమునకు పేరయ్యెను! ఇంతకంటె గర్వకారణమేది? ఇంతకంటె సిగ్గుచేటేది?

మనవారికి ధైర్యము లేకపోలేదు, నేర్పును లేకపోలేదు. ఆ నేర్పును పోషించి, జీతమిచ్చి, ఒక్కతాటిపై నడుపు సంస్థ మనది కాకపోయెను. ఒక రాజు బుస్సీని పిలిచెను. వేరొకరు ఫోర్డును పిలిచిరి. ఇరువురికిని బలము పైవాడే యిచ్చెను. తుదకు దేశమును పైవాడే తీసికొనెను.

నేడు మన సంఘములను చూడుడు. ఉత్సాహముతో పుట్టును, లెక్కలు వ్రాయువాడు లేక, ఎన్నుకొన్న నాయకుని మాట వినువాడు లేక, ఏడాది తిరుగకుండ నణగును. బొబ్బిలికథకు కన్నీరు కార్చుట సులభము. వారమునకొక సాయంకాలము తప్పక వచ్చి, చెప్పిన పని చేసి, పైకమునకు లెక్క చెప్పుట కష్టము. ఆ కష్టమునకు పేరే కవాతు. అది మన పనికై, మన యాజ్ఞపై జరుగవలెను.