అదే నిప్పు: దొర పెడితే శాస్త్రం, లోధా పెడితే నేరం

ఏటా మార్చి వచ్చిందంటే ఖరగ్‌పూర్ చుట్టుపక్కల ఒకటే కథ. సాల చెట్లు (మన ఉత్తరాంధ్ర వాళ్ల గుగ్గిలం చెట్లు) ఆకు రాలుస్తాయి. ఎర్ర మొరం నేల మీద ఎండుటాకు మందంగా పరుచుకుంటుంది. ఝార్‌గ్రామ్ వైపో, ఆరాబరి వైపో మంట లేస్తుంది. మర్నాటికల్లా నేరస్థులు సిద్ధం: ఇప్పపూలు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకు కాల్చిన సంతాల్ స్త్రీ, లేదంటే వేటకెళ్లిన లోధా కుర్రాడు. "అడవిని ఆదివాసులే తగలబెడుతున్నారు" అన్న తీర్పు విచారణ కంటే ముందే వచ్చేస్తుంది.

ఈ తీర్పు వెనక ఒక నమ్మకం ఉంది: అడవి అంటే దట్టమైన చెట్లు, నిప్పు అంటే దాని శత్రువు. 2011లో జయశ్రీ రత్నం, విలియం బాండ్, మహేష్ శంకరన్ తదితరులు ఈ నమ్మకాన్నే ప్రశ్నించారు. "అడవి" అని పిలుస్తున్న ఉష్ణమండల భూముల్లో చాలా భాగం నిజానికి సవన్నాలని వాదించారు. అక్కడ చెట్ల మధ్య ఎడం ఉంటుంది, కింద వెలుగు కోరే గడ్డి ఉంటుంది, ఎండాకాలపు మంటకు తట్టుకునేలా మారిన మొక్కలుంటాయి. అటువంటి నేలను "క్షీణించిన అడవి" అనడం చెరువును ఎండిపోయిన సముద్రం అన్నట్టుంటుంది.

సాల చెట్టునే చూడండి. దాని మొలక ఏళ్ల తరబడి పైన ఎండిపోతూ, కింద వేరు లావు చేసుకుంటుంది. ఆ తర్వాతే ఒక్కసారి పైకి లేస్తుంది. నరికినా, కాలినా మోడు నుంచి పిలకలు వేస్తుంది. ఉత్తర బెంగాల్ డూవార్స్‌లో, అస్సాంలో నిప్పు తగలకుండా కాపాడిన తడి సాల అడవుల్లో కొత్త సాల మొక్కలు నిలవడం లేదని బ్రిటిష్ అటవీ అధికారులే గత శతాబ్దం తొలి దశాబ్దాల్లో గుర్తించారు. తర్వాత తామే అడవిని కాల్పించారు. దానికి "నియంత్రిత దహనం" అని పేరు పెట్టి పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కించారు. అదే పని ఆదివాసీ చేస్తే కేసు.

అలాగని ప్రతి మంటా మంచిదని ఎవరూ అనరు. ఎండలు ముదిరాక, ఏటా అదే చోట పెట్టే మంట మొలకల్ని చంపుతుంది, నేల మీది గూళ్లను మాడుస్తుంది. మేదినీపూర్ పొడినేలకు డూవార్స్ తడినేల లెక్క అచ్చంగా అతకదు కూడా. కాబట్టి ఎప్పుడు, ఎక్కడ, ఎంత కాల్చాలి, అది ఎవరు నిర్ణయించాలి అన్నదే అసలు ప్రశ్న. కర్ణాటక బిళిగిరి రంగన కొండల్లో సోలిగలు ఎండాకాలం మొదట్లోనే "తరగు బెంకి" అనే చిన్న మంట పెట్టేవారు. దాన్ని ఆపించాకే లాంటానా పొదలు కొండను కమ్మేశాయని వాళ్లు చెబుతున్నారు. ఆ మాట పరిశోధనా పత్రాలకు ఎక్కడానికి ఎన్నేళ్లు పట్టింది?

ఇక చట్టం. 1927 భారత అటవీ చట్టం 26వ సెక్షన్ రిజర్వు అడవిలో నిప్పు పెట్టడాన్ని నేరం చేసింది. అక్కడితో ఆగలేదు. ఎవరైనా కావాలని నిప్పు పెడితే ఆ అడవిలో మేత, అటవీ ఉత్పత్తుల హక్కులన్నీ నిలిపివేసే అధికారం ప్రభుత్వానికి ఇచ్చింది. ఒకడు పెట్టిన మంటకు ఊరంతటికీ శిక్ష. 79వ సెక్షన్ ప్రకారం అడవిపై హక్కున్నవాళ్లు మంట ఆర్పి తీరాలి. ఇంతకంటే వెట్టి ఏముంటుంది?

పుట్టుకను బట్టి నేరం అంటగట్టడం ఈ నేలకు కొత్త కాదు. నేరస్థ జాతుల చట్టం లోధాలను పుట్టు నేరస్థుల్ని చేసింది. చట్టం 1952లో రద్దయినా ముద్ర చెరగలేదు. లోధా శబర్లలో తొలి మహిళా పట్టభద్రురాలు చూనీ కోటాల్, విశ్వవిద్యాలయంలో ఎదురైన కుల అవమానాలపై ఫిర్యాదులు చేసి చేసి, 1992 ఆగస్టు 16న ఇదే ఖరగ్‌పూర్‌లో ప్రాణం తీసుకుంది. ఆమె చదివింది ఆంత్రోపాలజీ. ఆమె జాతిని అధ్యయన వస్తువుగా ఒప్పుకున్న విద్యాలోకం అధ్యయనం చేసే మనిషిగా ఒప్పుకోలేకపోయింది. అడవి నిప్పు విషయంలోనూ జరుగుతున్నది ఇదే.

అసలు ఈ అడవిని తిన్నదెవరు? బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే వచ్చాక సాల దుంగలు స్లీపర్లయ్యాయి, జమీందార్లకు కాసులయ్యాయి. ఆ రైల్వేలో చెమటోడ్చడానికి శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి మనవాళ్లు ఇక్కడికి వచ్చారు. వాళ్లలో దళితులు ఎందరో. లాభం మాత్రం వాళ్లకూ రాలేదు, సంతాల్‌లకూ రాలేదు. తర్వాత ఖాళీ అయిన నేలలో యూకలిప్టస్, ఆకాశమణి తోటలు వేసి దాన్నే పచ్చదనం అన్నారు.

ఇప్పుడు గ్రీన్ క్రెడిట్ వచ్చింది. 2024 ఫిబ్రవరి నిబంధనలు పలుచటి అడవుల్లో, పొదల భూముల్లో, బంజర్లలో హెక్టారుకు కనీసం 1,100 చెట్లు నాటమన్నాయి. సవన్నాను చంపడానికి ఇది చాలు. ఆ "బంజరు" మీద పశువులు మేస్తాయి, తునికాకు దొరుకుతుంది, భూమిలేనివాడి ఆశ ఉంటుంది. సాగుకు పనికొచ్చే ప్రభుత్వ బంజర్లను షెడ్యూల్డ్ కులాల ప్రత్యేక గ్రామాల కోసం కేటాయించాలని అంబేడ్కర్ 1947లోనే "స్టేట్స్ అండ్ మైనారిటీస్"లో ప్రతిపాదించారు. బంజరును ఆయన భూమిలేనివాళ్ల భవిష్యత్తుగా చూస్తే, రాజ్యం కంపెనీల కార్బన్ ఖాతాగా చూస్తోంది.

దారి లేక కాదు. 1970ల్లో ఆరాబరిలో 11 గ్రామాల్లోని 618 కుటుంబాలకు పని, అడవి ఉత్పత్తులు, కలప ఆదాయంలో 25 శాతం వాటా మాటిస్తే మోడుబారిన సాల అడవి మళ్లీ లేచింది. కానీ అక్కడ కూడా వాటా ఇచ్చారే తప్ప అధికారం ఇవ్వలేదు. అధికారం ఇచ్చింది 2006 అటవీ హక్కుల చట్టం. సామూహిక అటవీ వనరును కాపాడే, నిర్వహించే హక్కు గ్రామసభదని చెప్పింది. నిప్పు నిర్ణయం కూడా ఆ నిర్వహణలో భాగమే.

కాబట్టి డిమాండ్లు సూటిగా ఉండాలి. జంగల్‌మహల్ గ్రామసభలకు సామూహిక హక్కు పత్రాలివ్వాలి. 26వ సెక్షన్‌లోని ఊరుమ్మడి శిక్షను తొలగించాలి. చెట్లు నాటే ముందు ఆ నేల సవన్నానా కాదా తేల్చాలి. హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో 1951లో మొదలైన ఖరగ్‌పూర్ ఐఐటీ పరిశోధకులకూ ఒక ప్రశ్న: ఉపగ్రహ చిత్రంలో మంట చుక్కలు లెక్కపెట్టేటప్పుడు, ఆకు ఏరే స్త్రీని ఎప్పుడైనా సహ రచయితగా ఊహించారా?