తొందరపడిన కాలు



మీ కుడి బూటులో చిన్న గులకరాయి వేసుకుని పది అంగలు నడిచి చూడండి. నొప్పి కుడికాలికి, తొందర మాత్రం ఎడమకాలికి! అది పూర్తిగా ముందుకు సాగకుండానే గబుక్కున నేలకు దిగుతుంది. కుడికాలి మీద ఎక్కువసేపు నిలబడడం కష్టం గదా! ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పిన నాకు యీ సంగతి మొన్నమొన్నటి దాకా తెలియదు.

నిరుడు మా అన్నయ్యకు పక్షవాతం వచ్చింది. మెదడులో ఒక చోటికి రక్తం అందకపోయినా, అక్కడి రక్తనాళం చిట్లినా పక్షవాతం వస్తుంది. మెదడు ఎడమభాగం శరీరపు కుడివైపును నడిపిస్తుంది. అన్నయ్యకు దెబ్బతిన్నది ఎడమభాగం. అందుచేత కుడిచెయ్యీ, కుడికాలూ పట్టు తప్పాయి. ఆయన లేచి నడవసాగాక ఇంటిల్లిపాదీ వెంటబడి, "కుడికాలు ఎత్తు! ఇంకా ముందుకు వెయ్యి!" అని ఒకటే కేకలు. అందరికంటె పెద్ద గొంతు నాదే.

ఒకనాడు ఫిజియోథెరపిస్టు అమ్మాయి వచ్చి, వసారా పొడుగునా తెల్లకాగితం పరిపించింది. అరికాళ్ళకు రంగు కావాలన్నది. వదిన పారాణి కలిపి తెచ్చింది.

"ఏమే, నన్ను మళ్ళీ పెళ్ళికొడుకును చేస్తున్నారా?" అన్నాడు అన్నయ్య.

ఆ అమ్మాయి ఆయన నడుముకు పట్టీ కట్టి, పట్టుకుని నడిపించింది. తరువాత టేపు తీసింది. ఎడమ మడమ గుర్తునుంచి దాని ముందున్న కుడి మడమ గుర్తుదాకా 46 సెంటీమీటర్లు. అది కుడికాలి అంగ. కుడి మడమనుంచి ఎడమ మడమకు కొలిస్తే 31 మాత్రమే!

చూశారా, పొట్టి అంగ మంచికాలిది! ఎడమకాలు గాలిలో వున్నంతసేపూ ఒళ్ళంతా మోయవలసింది కుడికాలే. అది ముందుకు సాగగలదు గాని, బరువు మోయలేదు. ఇన్నాళ్ళూ మేము ఆయనకు వచ్చిన పాఠాన్నే మళ్ళీ మళ్ళీ అప్పజెప్పించామన్నమాట!

అందరికీ ఇలాగే వుండదు. కొందరికి పట్టు తప్పిన కాలి అంగే పొట్టిగా పడుతుంది. కంటితో చూస్తే రెండూ కుంటినడకలే. ఫ్రాన్సులో మారే అనే శాస్త్రజ్ఞుడు 1873 నాటికే బూటు అడుగున గాలితిత్తి అమర్చి, ఏ పాదం ఎంతసేపు నేలకు ఆనుతున్నదో గీతలుగా రాయించాడు. ఇప్పుడు కొన్ని పెద్ద ఆస్పత్రులలో కెమేరాలూ, పాదాల ఒత్తిడిని కొలిచే పలకలూ వున్నాయి. మాకు పారాణి చాలింది.

ఆనాటినుంచి అన్నయ్యకు కుడికాలి మీద బరువు మోపి నిలబడడం అభ్యాసం. మూడు నెలలకు మళ్ళీ కాగితం పరిచారు. ఎడమ అంగ 40, కుడి అంగ 45. పది మీటర్ల దారిలో నడిమి ఆరు మీటర్లు దాటడానికి మొదట 15 సెకన్లు పట్టేది. ఆ రోజు 10 పట్టింది.

ఇప్పుడు సాయంకాలం చేతికర్రతో వీధి మలుపు దాకా వెళ్ళివస్తున్నాడు. పక్కన నేనుంటాను. కేకలు మానేశాను.