రాయలేని చేతికి హక్కు లేదా?

అక్షరాలు తారుమారైతే పిల్ల మొద్దు, తప్పు తల్లిది! నంద్యాల, ఆళ్లగడ్డ పల్లెల్లో నేను తరచూ వినే తీర్పు ఇదే. పాఠమంతా నోటితో అప్పజెప్పే పిల్ల పరీక్ష కాగితం దగ్గర ఓడిపోతుంది. మగపిల్లాడైతే ట్యూషన్. ఆడపిల్లయితే చాలా ఇళ్లలో చదువు మాన్పించి పెళ్లి!

దీన్ని బద్ధకమని కొట్టిపారేయడానికి ఇక వీల్లేదు. 1995 వికలాంగుల చట్టం వదిలేసిన అభ్యసన వైకల్యాన్ని 2016 చట్టం గుర్తించింది. బడిలో త్వరగా కనిపెట్టాలనీ, పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు వంటి వెసులుబాట్లు కల్పించాలనీ చెప్పింది. రాసేటప్పుడు చేయి పట్టేసే ఇబ్బంది ఉన్న ఒక అభ్యర్థి యూపీఎస్సీతో పోరాడిన కేసులో, 40 శాతం వైకల్యం లేదన్న సాకుతో సహాయకుణ్ణి నిరాకరించరాదని 2021లో సుప్రీంకోర్టు తేల్చింది.

ఈ సంగతి మన తల్లులకు చెప్పిందెవరు? సర్టిఫికెట్ కోసం కూలి పోగొట్టుకుని తిరిగేదెవరు? మళ్లీ తల్లే! కనిపెట్టాల్సిన బాధ్యత బడిది, ప్రభుత్వానిది. మనం అడిగేది జాలి కాదు, హక్కు. ప్రతి మహిళా సంఘం తన ఊరి బడికి వెళ్లి నిలదీయాలి: రాయలేని పిల్లకు మీరేం చేశారు?